షోకేసులో పది నెలలు

నాకింకా ముప్పై నిండలేదు. జ్ఞాపకాలు రాయడానికి ఇది వయసు కాదని మా నాన్న అభిప్రాయం. అందుకు జుట్టు నెరవాలి, మోకాళ్లు పట్టెయ్యాలి, ఎదురు చెప్పగలిగినవాళ్లందరూ పోయి ఉండాలి అంటాడు. మొదటి రెండూ ఎప్పటికైనా వస్తాయి. మూడోది కుదరదు, ఎదురు చెప్పేవాళ్లు, నాన్నా అమ్మా పిన్నీ, ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. అయినా పోయిన వారం ఒకాయన వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆయన మా వీధి చివర కొత్తగా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన పెద్దమనిషి. నరసరావుపేటలో ఇప్పుడు పత్తి కొట్ల తర్వాత ఎక్కువగా కనపడేవి ఆ బోర్డులే. మా ముందు గదిలో నేను పోగుచేసి వరసగా పేర్చుకున్న పాత కంప్యూటర్లనూ, టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టెలనూ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కలెక్టరు వరద నష్టం చూసినట్టు చూశాడు. "ఇవన్నీ మా రిసెప్షన్‌లో పెడదామండీ. ఎక్కడ్నుంచి ఎక్కడికొచ్చామో పిల్లలకు తెలుస్తుంది" అన్నాడు. "కోతి నుంచి మనిషి బొమ్మలాగానా?" అన్నాను. "అదే, అదే!" అని సంతోషించాడు. తర్వాత ఒక పెట్టె తీసి, తిప్పి చూసి, "అయ్యో, సీలు ఎవరు చింపారండీ? సీలుంటే దీని విలువే వేరు" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి, పిన్ని వినలేదు కదా అని వంటింటి వైపు చూశాను.

మా నాన్న లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. ఆయన తమ్ముడు, అంటే కమల పిన్ని మొగుడు, సాంబశివరావు మా బాబాయ్. పెళ్లయిన ఆరు నెలలకే గల్ఫ్‌కు వెళ్లి, అక్కడ ఓడరేవు పక్కన ఒక గోడౌన్‌లో సరుకు దించే పనిలో చేరాడు. మూలలు నలిగాయని కొట్లవాళ్లు వద్దన్న పెట్టెలను ఆ గోడౌన్‌లో పనివాళ్లకు చవగ్గా ఇచ్చేవారట. మిగతావాళ్లు ఇస్త్రీ పెట్టెలూ మిక్సీలూ తీసుకుంటే, మా బాబాయ్ ఎవరికీ అర్థంకాని వస్తువులు ఏరుకునేవాడు. మొదట పంపింది టీవీ గేమ్. రెండు మరలు తిప్పితే తెర మీద ఒక చుక్క అటూ ఇటూ పోతుంది. దీనికి టీవీ కావాలన్న సంగతి అది వచ్చాక తెలిసింది. మాకు టీవీ లేదు. కాబట్టి ఏడాదిపాటు ఆ గేమ్ టీవీ కోసం ఎదురుచూస్తూ షోకేసులో కూర్చుంది. తర్వాత టీవీ వచ్చింది, బాబాయ్ దగ్గర్నుంచి కంప్యూటరూ వచ్చింది. కంప్యూటర్ అంటే ఇప్పటిలా మూడు ముక్కలు కాదు, రబ్బరు మీటలున్న పలక ఒక్కటే. దాన్ని టీవీకి తగిలించి, పక్కన టేప్ రికార్డర్ పెట్టి, ఆట ఉన్న క్యాసెట్ వేస్తే ఐదు నిమిషాలపాటు గీతలు చూపించి, మనసైతే ఆట మొదలుపెట్టేది. తర్వాత రెండేళ్లలో గల్ఫ్ నుంచి సెలవుకొచ్చినవాళ్లందరి చేతా బాబాయ్ పంపింది ఆటల పెట్టెలే. అట్ట మీద కత్తులు, రాకెట్లు, నిప్పులు కక్కే పాములు. లోపల ఒట్టి క్యాసెట్. అట్ట మీద సముద్రమంత యుద్ధం ఉంటే తెర మీద నాలుగు చుక్కలు కొట్టుకునేవి.

మా ఇంటి షోకేసు గురించి చెప్పాలి. ముందు గది గోడలో అద్దాల తలుపులతో ఉండేది. అందులో ప్లాస్టిక్ ద్రాక్షపళ్లు, పుట్టినప్పట్నుంచి ఎవరి పెదవీ తగలని టీ కప్పులు, పరుగు పందెంలో నాకొచ్చిన రెండో బహుమతి కప్పు ఉండేవి. ఆ పందెంలో పరిగెత్తింది ఇద్దరమే, అది వేరే సంగతి. బాబాయ్ పెట్టెలు రావడంతో ఇవన్నీ అటకెక్కాయి. నాయనమ్మ పెట్టెలను ఎత్తు ప్రకారం పేర్పించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ, మంచినీళ్లిచ్చే లోపే, వాటిని చూపించేది. "మావోడు పంపిచ్చాడు. అన్నీ కంపూటర్లే" అనేది. చూసినవాళ్లు తల ఊపి, ఇవి తింటారా కట్టుకుంటారా అని అడగలేక వెళ్లిపోయేవాళ్లు. పెట్టెల మీద మెరిసే ప్లాస్టిక్ కాగితం చించకూడదన్నది బాబాయ్ పెట్టిన నియమం. తిరిగొచ్చాక బస్టాండు ఎదురుగా ఆటల కొట్టు పెడతానని, ఊళ్లో పిల్లకాయలంతా బారులు తీరతారని, అప్పటిదాకా సీలు చెడకూడదని చెప్పాడు. చదువుకుంటున్నాను కాబట్టి ఒక కంప్యూటరూ రెండు ఆటలూ నాకు విడిచిపెట్టాడు. మిగతావన్నీ ముట్టుకోరానివి. నిజానికి ఆ నియమం చెప్పనక్కర్లేదు. రేడియోకు గుడ్డతో చొక్కా కుట్టించి, కొన్న నాటి అట్ట ముక్కల్ని పదేళ్లయినా సైకిలు కడ్డీకి అట్లాగే ఉంచుకున్న వంశం మాది.

బాబాయ్ ఉత్తరాలు రాసేవాడు కాదు. మాటలు క్యాసెట్లో పట్టి, సెలవుకొచ్చేవాళ్ల చేత పంపేవాడు. మాట టేపు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చునేది. "అమ్మా, బాగుండావా?" అని బాబాయ్ అనగానే నాయనమ్మ "బాగుండా నాయనా, నువ్వు తిన్నావా?" అని ఆగేది. ఆయన జవాబు చెప్పకుండా వర్షాల గురించి మాట్లాడటం మొదలుపెడితే చిన్నబుచ్చుకునేది. అందుకని నేను మీట నొక్కి ఆపి, ఆమె మాట పూర్తయ్యాక మళ్లీ వేసేవాణ్ణి. పిన్ని మాత్రం వంటింటి తలుపు వెనక నిలబడి వినేది. అత్తగారు, బావగారు కూర్చున్న చోటికి వచ్చి మొగుడి మాట వినడం అప్పట్లో కుదరని పని. ఆయన కూడా ఆమె గురించి అడిగేది ఒక్క ముక్కే. "కమల ఎట్టా ఉంది?" ఆ మాట రాగానే అందరి తలలూ ఒక్కసారి వంటింటి వైపు తిరిగేవి. అంతే, ఆమె భాగం అయిపోయేది. నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి వచ్చి నలభై రోజులున్నాడు. మిగతా కాపురమంతా తలుపు చెక్క అవతల నుంచి, మూడు నెలలకొక ముక్క చొప్పున జరిగింది. ఆమెకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నాకు పదిహేడు. ఆమెకు నవ్వు తెప్పించడం నా బాధ్యత అనుకునేవాణ్ణి, చాలాసార్లు గెలిచేవాణ్ణి కూడా.

ఆ ఏడు శ్రావణంలో ఆఖరి మూట వచ్చింది. తెచ్చింది మాచర్ల ఏడుకొండలు, బాబాయ్‌తో పాటు గోడౌన్‌లో పనిచేసేవాడు. విమానాలెక్కి, రైళ్లు మారి క్షేమంగా వచ్చిన మనిషి సొంతూళ్లో బస్సు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అందుకని మూటను మాచర్ల బస్సు కండక్టరుకిచ్చి పంపాడు. అందులో పాలపొడి డబ్బా, రెండు చొక్కా గుడ్డలు, ఒక ఆట పెట్టె ఉన్నాయి. మాట టేపు లేదు. వెనక వస్తుందిలే అనుకున్నాం. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, ఏదీ రాలేదు. బాబాయ్ గోడౌన్ చిరునామాకు నాన్న రాసిన ఉత్తరాలు రెండు తిరిగొచ్చాయి. ఊరు ఊరుకోదు కదా. అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని ఒకరు, జైల్లో పడ్డాడని ఒకరు, సముద్రంలో పోయాడని ఒకరు చెప్పారు. ఒకే మనిషి ఒకే కాలంలో ఇన్ని పనులు చేయలేడని నేను అన్నాను. నాయనమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. పిన్ని నవ్వలేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడగానే చేతిలో ఏముంటే అది వదిలి గేటు దగ్గరికి పోయేది. గిన్నెలు పడేవి, పాలు పొంగేవి. సాయంత్రాలు అన్నం మానేసింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో, తాటిచెట్టంత ఎత్తున దీపాలు కట్టిన ప్రభలన్నీ వెలిగిపోతుంటే వాటి వంక చూడకుండా, మెట్లన్నీ చెప్పుల్లేకుండా ఎక్కింది. ఏం మొక్కుకున్నావని అడిగితే, "ఒక్క మాట రావాల. మంచిదో చెడ్డదో ఒక్క మాట" అంది. శుక్రవారం శుక్రవారం షోకేసు తలుపు తీసి, ఒక్కొక్క పెట్టెనూ చీర చెంగుతో తుడిచి, మళ్లీ ఎత్తు ప్రకారం పేర్చేది.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం నాయనమ్మ పడుకున్నాక షోకేసు తెరిచాను. నా రెండు ఆటలూ ఆడి ఆడి మొహం మొత్తింది. ఆఖరున వచ్చిన పెట్టె మీద ప్లాస్టిక్ కాగితం అడుగున ముందే కోసి, జిగురు టేపుతో అంటించి ఉంది. విమానాశ్రయంలో వాళ్లు విప్పి చూసి ఉంటారనుకున్నాను. ఎవరో చించిన సీలు కాబట్టి నాకు పాపం అంటదని తీర్మానించుకుని క్యాసెట్ తీశాను. మొదటి వైపు వేస్తే ఆట వచ్చింది. రాకెట్టు ఆట, బాగానే ఉంది. రెండో వైపు ఇంకో ఆట ఉందేమోనని తిప్పి వేశాను. టేప్ రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు తీగ పెట్టాక బయటికి శబ్దం రాదు, అంతా తీగలోనుంచి మిషన్లోకే పోతుంది. మామూలుగా అయితే తెర అంచుల్లో గీతలు ఒకే పద్ధతిగా పరిగెత్తాలి. ఇవి అట్లా పోలేదు. కాసేపు ఊగాయి, ఆగాయి, గబగబా ఊగాయి, మళ్లీ ఆగాయి. పది నిమిషాలు కళ్లార్పకుండా చూశాను. ఆట రాలేదు. "పాడు టేపు" అని తిట్టి, పెట్టెలో పెట్టి, అడుగున మళ్లీ అంటించి, షోకేసులో ఉన్న చోటే పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. దొంగతనంగా తీసిన ఆట పాడైపోయిందని ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

తర్వాత ఎండాకాలం వచ్చింది. మా నాయనమ్మకు ఎండ మీద ఉన్న నమ్మకం డాక్టర్ల మీద కూడా లేదు. పల్నాడులో ఎండ ఒక్కటే పుష్కలంగా దొరికేది కాబట్టి దాన్ని ఊరికే పోనివ్వడం ఆమెకు ఇష్టముండేది కాదు. ఏడాదికొకసారి ఇంట్లో ఉన్నవన్నీ డాబా ఎక్కాల్సిందే. మిరపకాయలు, చింతపండు, కందులు, మాగాయ ముక్కలు, పరుపులు, పట్టుచీరలు, నాన్న పాత ఫైళ్లు. పగలంతా డాబా మీదినుంచి మిరప ఘాటు దిగి, ఇంట్లో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవాళ్లు. ఆ ఏడు షోకేసు వెనక గోడ చెమ్మగిల్లింది. "పెట్టెలు ముక్కిపోయిన వాసన వత్తన్నయ్యే. నా కొడుకు సొమ్ము పురుగు పట్టి పోద్ది" అని, మేమెవరం ఇంట్లో లేని రోజు చూసి, పెట్టెలన్నీ మోయించి డాబా మీద పరిచింది. నేను సాయంత్రం వచ్చి చూసేసరికి మాగాయ ముక్కలకూ మిరపకాయలకూ మధ్య రాకెట్లు, కత్తులు, నిప్పులు కక్కే పాములు బారులు తీరి ఎండుతున్నాయి. ప్లాస్టిక్ కాగితాలు ముడుచుకుని ముసలమ్మ చేతుల్లా అయ్యాయి. "పైవైపు బాగానే వేగినయ్, తిరగేయలేదేం నాయనమ్మా?" అన్నాను. పిన్ని ఒక్కొక్క పెట్టెనూ ఒళ్లో పెట్టుకుని ముడతలు సాపు చేసింది, కన్నీళ్లు పెట్టుకుంది. లోపల క్యాసెట్లు ఏమయ్యాయో ఎవరమూ ఆలోచించలేదు. ఆలోచించాల్సింది నేనే. ఆలోచిస్తే ఆ ఒక్క పెట్టె సంగతి బయటపడుతుందని మానేశాను.

పదిహేను రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, గొడుగు ఊతగా కుంటుకుంటూ ఏడుకొండలు వచ్చాడు. మళ్లీ గల్ఫ్‌కు పోతున్నాడట, పది రోజుల్లో బొంబాయి నుంచి ప్రయాణం. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "అన్నకి ఏమన్నా పచ్చళ్లు ఇత్తారేమోనని వచ్చా పెద్దమ్మా" అన్నాడు నాయనమ్మతో.

"ఏ అన్నకి నాయనా? మాటే లేదు ఆడి దగ్గర్నుంచి."

"మాట లేకపోవటం ఏంది? మాట టేపు పంపిచ్చాడుగా. నేనేగా తెచ్చింది."

నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "టేపేదీ రాలేదే ఏడుకొండలూ."

"పెట్టెలోనే ఉంది పెద్దన్నా. ఆ ఆట టేపు రెండో పక్కన మాట్టాడాడు. పెట్టె ఇప్పి వదిన్ని ఇనమని చెప్పమన్నాడు. నేను కండక్టరుకి చెప్పి మరీ ఇచ్చా."

కండక్టరు పెట్టె ఇచ్చాడు, మాట ఇవ్వలేదు. వంటింటి తలుపు వెనక నుంచి పిన్ని బయటికొచ్చింది. బావగారున్న గదిలోకి ఆమె అట్లా నడిచి రావడం అదే మొదటిసారి. షోకేసు తెరిచి, ఆఖరి పెట్టె తీసి, నేనంత జాగ్రత్తగా అంటించిన అడుగును గోళ్లతో చీల్చింది. నేను టేప్ రికార్డర్ తెచ్చాను. తొందరలో క్యాసెట్ ముందు తప్పు వైపు పెట్టాను. ఆట శబ్దం బయటికి ఎట్లా ఉంటుందో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కీచుమని గది నిండా ఒకటే గోల. "నా బిడ్డ ఏడుత్తన్నాడు!" అని నాయనమ్మ నేల మీద కూలబడింది. "ఏడవటం కాదే, అది రాకెట్టు" అన్నాను. తిప్పి రెండో వైపు పెట్టాను. ఎండకు వంకరపోయిన క్యాసెట్ రెండు చుట్లు తిరిగి, మూలిగి, పట్టేసింది.

బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే మస్తాన్ వలి కొట్టుకు పిన్ని, ఏడుకొండలు, నేను వెళ్లాం. మస్తాన్ వలి క్యాసెట్‌ను వెలుగుకు పెట్టి చూసి, "ఏంది తమ్ముడూ, వడియాలు పెట్టారా దీన్ని?" అన్నాడు.

"మా నాయనమ్మ పెట్టింది."

"ఉప్పు సరిపోయిందా?"

ఇంకో రోజైతే, ఊళ్లో నాకు సమానుడు ఒకడు దొరికాడని సంబరపడేవాణ్ణి. "అన్నా, అందులో మా ఆయన మాట ఉంది" అంది పిన్ని. మస్తాన్ వలి క్యాసెట్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాన్ని తడిగుడ్డ చుట్టిన కుండ మీద కాసేపు ఉంచాడు. చిన్న మరలు విప్పి, లోపలి రీలు తీసి, వేరే క్యాసెట్ డొక్కలోకి వెంట్రుక తెగనంత నెమ్మదిగా మార్చాడు. ఆ గంటసేపూ ఆమె కూర్చోలేదు. రీలు అక్కడక్కడా ముడతలు పడి ఉంది, ఆఖరు మూర మరీ నలిగిపోయింది. "అక్కా, ఒక్కసారే వత్తది. మళ్లీ ఏస్తే తెగుద్ది. ఇనుకో" అని మీట నొక్కాడు.

బాబాయ్ గొంతు బావిలోనుంచి వచ్చినట్టు, నిద్రలో మాట్లాడినట్టు సాగింది. "కమలా... ఇది నీకే. అందరిలో ఇనబాకు... అందుకే ఆట టేపులో పెట్టా..." ఫ్యాను బాగుకోసం వచ్చి కూర్చున్న ఒకాయన "ఎవరమ్మా ఆయన?" అన్నాడు. మస్తాన్ వలి అతణ్ణి లేపి బయటికి పంపి, షట్టరు సగం దించాడు. ముడతల దగ్గర మాట మునిగి, తర్వాత తేలేది. "గోడౌన్ మూసేత్తన్నారు... రెండు దార్లుండయ్. ఇంటికొత్తే వట్టి చేతుల్తో రావాల... ఇంకోటి, ఓడ మీద పని. ఏ దేశం పోద్దో, ఎన్నేళ్లకొత్తానో... అమ్మనీ అన్ననీ అడగను. నువ్వు జెప్పు. నువ్వు రమ్మంటే వత్తా. తిరునాళ్ల నాటికి నీ మాట అందకపోతే... నీకు అక్కర్లేదనుకుని ఓడెక్కుతా..." ఆ తర్వాత ఎవరి పేరుమీద, ఎక్కడికి జవాబు పంపాలో చెప్పినట్టున్నాడు. అదంతా గరగరలో పోయింది. ఆఖరు మూర దగ్గర రీలు పుటుక్కున తెగింది.

తిరునాళ్లయి మూడు నెలలు దాటింది. ఆమె ఒక్క మాట కోసం కొండ మెట్లెక్కుతుంటే, ఆ మాట మా ముందు గదిలో, అద్దాల వెనక, ఎత్తు ప్రకారం నిలబడి ఉంది. మేము చెప్పని జవాబు ఆయనకు చేరిపోయింది.

ఇప్పుడు మా వీధిలో రెండు ఎస్టీడీ, ఐఎస్డీ ఫోన్ బూత్‌లున్నాయి. సముద్రాలవతల ఉన్నవాళ్లతో, అద్దాల గదిలో తలుపు వేసుకుని, మొగుడూ పెళ్లాలూ గట్టిగా తిట్టుకోవచ్చు. బయట వరసలో నిలబడినవాళ్లకు కూడా వినపడుతుంది, అయినా ఎవరూ సిగ్గుపడరు. మా ఇంటికొచ్చే ఇన్‌స్టిట్యూట్ పిల్లలు నా పాత మిషన్లు చూసి, దీనికి ఎంత జ్ఞాపకశక్తి ఉండేదని అడుగుతారు. ఏమీ లేదు, కరెంటు పోతే అన్నీ మర్చిపోయేది అని చెబితే నవ్వుతారు. నాకూ అది మంచి గుణంగానే తోస్తుంది. నేను ఆ తర్వాత గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లకు పోయి, అటకల మీద పడేసిన మిషన్లు, ఆటలు అడిగి తెచ్చుకున్నాను. సీలున్న పెట్టె కనపడితే అక్కడే చించి, రెండు వైపులా వింటాను. అట్లా నా దగ్గర నలభై ఆటలు చేరాయి. సేకరణ అంటే ఇది కాదని తెలిసినవాళ్లు అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే.

ఆ సాయంత్రం కొట్టు నుంచి ముగ్గురం బస్టాండులోకి నడిచాం. మాచర్ల బస్సు రాగానే ఏడుకొండలు కిటికీలోనుంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్నాడు. మా దగ్గరికి తిరిగొచ్చి, "వదినా, నేను ఆ ఓడరేవంతా అడుగుతా. దొరికితే ఏం జెప్పమంటావ్?" అన్నాడు. పిన్ని తల వంచుకుని నిలబడింది. "నువ్వు జెప్పకపోతే నేనేం జెప్పను?" అని ఆయన బస్సెక్కాడు. ఆమె సిమెంటు బెంచీ మీద కూర్చుంది. ఆమె పక్కన కూర్చుని నేను చెప్పేశాను. దసరా సెలవుల్లో పెట్టె తీసిందీ, రెండో వైపు వేసిందీ, తిట్టి లోపల పెట్టిందీ. జోకుగా చెబుదామని మొదలుపెట్టాను. సగంలోనే జోకులు అయిపోయాయి.

కొడుతుందనుకున్నాను. "మొత్తం ఏశావా?" అంది.

"మొత్తం."

"ఆయన మాట్టాడుతున్నంతసేపూ ముందు కూచున్నావా?"

"కూచున్నా. నాకు తెలవదు పిన్నీ. శబ్దం రాదు దాంట్లో. గీతలే."

"గీతలెట్టా ఊగినయ్?"

చేత్తో చూపించాను. అటూ ఇటూ, గబగబా, ఆగి, మళ్లీ.

"ఆఖర్న ఎట్టా ఉండయ్?"

ఆఖరు మూర మస్తాన్ వలి కొట్టులో తెగిపోయింది. దాన్ని చూసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. "ఆఖర్న చానాసేపు ఆగినయ్. అయిపోయిందనుకుని లేచా. మళ్లీ ఒక్కసారి ఊగినయ్. చిన్నగా."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే. ఆ తర్వాత ఏం లేదు."

ఆమె ఆ ఒక్కసారినే చాలాసేపు చూస్తూ కూర్చుంది. కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలి బస్టాండు గేటు వైపు తిరుగుతుంటే పిన్ని లేచింది. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ కార్డు రాయించడానికి పోయినప్పుడు కూడా ఆమె పక్కనున్న నా చేత చెప్పించింది. అట్లాంటి మనిషి చెప్పులు వదిలేసి, చెంగు బొడ్లో దోపి, బస్సు వెంట పరిగెత్తింది. అరటిపళ్ల బండ్లవాళ్లు, సోడాలవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ చూస్తున్నారు. బస్సు రేకు మీద అరచేత్తో బాదుతూ, "ఏడుకొండలూ! సాంబశివరావుని రమ్మన్నానని జెప్పు! వట్టి చేతుల్తో రమ్మను! సాంబశివరావుని నేను రమ్మన్నానని జెప్పయ్యా!" అని అరిచింది. బస్సులో సగం మంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఒక ముసలాయన "చెబుతాంలేమ్మా, ఎనక్కి జరుగు, చక్రం" అన్నాడు. బస్సు రోడ్డెక్కింది. ఆమె దుమ్ములో నిలబడి ఇంకో రెండుసార్లు ఆ పేరు పిలిచింది.

వారం తిరక్కుండా పిడుగురాళ్ల నుంచి సున్నం లోడుతో వచ్చిన డ్రైవరు బుకింగ్ ఆఫీసులో మా నాన్నను అడిగాడట, "ఏందన్నా, సాంబశివరావు వచ్చాడా?" అని. గురజాలలో పెళ్లికి పోతే మా అమ్మను ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు అదే అడిగారు. మాచర్ల దాకా దారి పొడుగునా దిగినవాళ్లందరూ ఆ మాటను తమతమ ఊళ్లకు మోసుకుపోయారు. పిన్ని చెప్పిన జవాబు పల్నాడంతా అందింది. ఒక్క సాంబశివరావుకే, ఇన్నేళ్లయినా, ఇంకా అందలేదు.